సింగపూరులో ఒక్క ఆదివారం

మన మిల్లు కాలనీల్లో సింగపూరు పేరు తెలియని ఇల్లు లేదు. కోవిల్‌పట్టి అయినా, విరుదునగర్ అయినా, ఏ వీధిలో పోయినా ఒక ఇంట్లో బీరువా మీద పెద్ద సూట్‌కేసు ఉంటుంది, టీవీ పక్కన సింహం తల బొమ్మ ఉంటుంది. "మా వాడు సింగపూరులో ఉండాడు" అని చెప్పేటప్పుడు తల్లుల గొంతు కొంచెం పెరుగుతుంది. ఆ ఊరిని ఒక్క రోజు నా కాళ్ళతో నడిచి చూసి వచ్చినాను. చూసింది చూసినట్లు రాస్తున్నాను. ఇంట్లో ఎదిగిన కొడుకు ఉండి, పంపాలా వద్దా అని ఆలోచించే వాళ్ళకు పనికి వస్తుంది.

మేము పోయింది ఆరు రోజుల మలేషియా, సింగపూరు టూరు ప్యాకేజీలో. నేను రింగ్ ఫ్రేము ఖాతాలో 31 ఏళ్ళు, నా స్నేహితుడు వైండింగులో 29 ఏళ్ళు పని చేసి రిటైర్ అయినాము. వరసకు నాకు బావ. ఇప్పుడు విరుదునగర్‌లో ఉంటాడు. గ్రాట్యుటీ డబ్బుల్లో కొంత తీసి ఇద్దరమూ టికెట్టు కట్టినాము. నేను పోయింది ఊరు చూడడానికి. బావ పోయింది వేరే పనికి. వాడి చిన్న కొడుక్కి 23 ఏళ్ళు. మిల్లులో కాంట్రాక్టు పని. సింగపూరు పోతానని ఒకటే పట్టు. ఒక ఏజెంటు 3,20,000 రూపాయలు అడిగినాడు. ఇల్లు తాకట్టు పెడితే వస్తుంది. "పెట్టే ముందు ఒకసారి ఆ ఊరిని నా కంటితో చూడాల" అన్నాడు బావ.

తిరుచ్చి నుంచి విమానంలో సుమారు నాలుగు గంటలు. మా తాతల కాలంలో రజులా అనే ఆవిరి ఓడ మద్రాసులో బయలుదేరి నాగపట్నం, పినాంగు మీదుగా సింగపూరు చేరేది. రోజుల తరబడి డెక్కు మీద పడుకొని పోయినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఒక షిఫ్టులో సగం టైము. దిగినాక గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి, అంతే.

ప్యాకేజీలో చివరి రోజు ఆదివారం, ఎవరి ఇష్టం వాళ్ళది. అదే రోజు మన పిల్లలకు కూడా లీవు. పొద్దున ఏడున్నరకు ముగ్గురు మా లాడ్జి కింద నిలబడి ఉన్నారు. ఒకడు బావ చెల్లెలి కొడుకు, ఓడలు కట్టేచోట వెల్డరు. రెండోవాడు మా కోవిల్‌పట్టి వీధి పిల్లోడు, కట్టడాలకు సారం కట్టే పని. మూడోవాడు వెల్డరుతో ఒకే రూములో ఉండే శ్రీకాకుళం అబ్బాయి. ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలు వేసుకొని, పౌడరు పూసుకొని వచ్చినారు. పండక్కి వచ్చిన మాదిరి ఉంది.

"ఏమి పెదనాయనా, నిద్ర పట్టిందా? యాడికి పోదాము ముందు?" అన్నాడు వెల్డరు.

"ముందు గుడి, తర్వాత టిఫను, తర్వాత నువ్వు యాడికి పిలిస్తే ఆడికి" అన్నాను.

శ్రీకాకుళం అబ్బాయి నవ్వినాడు. "బాబాయ్, మీ మాట వింటుంటే సీమ వాళ్ళలా ఉంది, మధ్యలో అరవం వస్తోంది. మీది ఏ జిల్లా?" అన్నాడు. తూత్తుకుడి జిల్లా అంటే నమ్మలేదు. మా పెద్దలు కొన్ని వందల ఏళ్ళ కింద ఉత్తరం నుంచి నడిచి వచ్చి కరిసల్ నేలలో ఊళ్ళు కట్టుకొన్నారని చెప్పినాను. మన పక్క ఊరు ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ నవల్లో ఆ వలస కథే తమిళంలో రాసినారు. "ఇన్నేళ్ళయినా ఇంట్లో తెలుగేనా!" అని ఆ అబ్బాయికి ఒకటే ఆశ్చర్యం. ఆ తర్వాత రోజంతా మా మాటలు ఒక్కొక్కటి పట్టుకొని అడుగుతానే ఉన్నాడు.

సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. 1855 నాటి గుడి. మొదట్లో నరసింహ పెరుమాళ్ కోవిల అనేవాళ్ళు. గోపురం అయిదు అంతస్తులు. తైపూసం రోజు కావడి మోసేవాళ్ళు ఈడ నుంచే బయలుదేరి టాంక్ రోడ్డులో ఉన్న మురుగన్ గుడి దాకా నడుస్తారు. పెరుమాళ్ ముందు నిలబడితే శ్రీవిల్లిపుత్తూరులో ఉన్నామా అనిపించింది. బయటికి వచ్చి రోడ్డు చూస్తేనే వేరే దేశం అని తెలుస్తుంది. రోడ్డు మీద ఒక్క కాగితం ముక్క లేదు.

టిఫను టెక్కా సెంటరులో. కింద కూరగాయలు, చేపల అంగళ్ళు, పక్కనే వరసగా తినే అంగళ్ళు. మన పరోటాను ఈడ ప్రాటా అంటారు. విరుదునగర్ వాడికి పరోటా గురించి చెప్పేదేముంది! బావ ఒకటి విరిచి నోట్లో పెట్టుకొని, "మెత్తగా ఉండాది, కానీ నూనెలో వేంచింది కాదు" అని తీర్పు చెప్పినాడు. టీని ఎత్తు నుంచి పోసి ఆరుస్తారు, తే తారిక్ అంటారు. మన టీ మాస్టర్లు చేసే పనే. పేరు మలాయిది.

ఆ బల్ల దగ్గరే బావ అసలు సంగతి తీసినాడు. మా వీధి పిల్లోణ్ణి చూసి, "దాచకుండా చెప్పరా. నువ్వు వచ్చేదానికి ఎంత కట్టినావు?" అన్నాడు. వాడు కట్టింది కూడా 3,20,000. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. బావ జేబులో నుంచి టూరు వాళ్ళు ఇచ్చిన కాగితం తీసి వెనక వైపు రాయడం మొదలుపెట్టినాడు. 29 ఏళ్ళు కోన్లు లెక్క పెట్టిన చెయ్యి అది.

పిల్లోడికి ఓవర్‌టైముతో కలిపి నెలకు 850 డాలర్లు. క్యాటరింగు సాపాటుకు 160 పోతుంది. ఫోను, సబ్బు, ఆదివారం ఖర్చు అన్నీ కలిపి 140. మిగిలేది 550. డాలరుకు 62 రూపాయల లెక్కన 34,100. అందులో ఇంటి ఖర్చుకు 14,000 పంపితే అప్పుకు నిలిచేది 20,100. మొదటి నెల వడ్డీ మాత్రమే 6,400. ఇట్లా కట్టుకొంటా పోతే అప్పు తీరడానికి 20 నెలలు. పర్మిట్టు మామూలుగా ఇచ్చేది రెండేళ్ళకు, అంటే 24 నెలలు.

"అంటే నాలుగు నెలల సంబళమే నీది" అన్నాడు బావ.

"రెన్యూవల్ అయింది మామా, దానివల్ల నిలబడినాను" అన్నాడు పిల్లోడు. "నాతో పాటు వచ్చిన ఇద్దరికి కాలేదు. అప్పు మిగుల్చుకొని తిరిగి పోయినారు."

వెల్డరు కథ వేరే. వాడు ఊళ్ళోనే వెల్డింగు నేర్చుకొని, స్కిల్ టెస్టు పాసై, ముందే ఇక్కడ ఉన్న స్నేహితుడు కంపెనీలో చెప్పితే వచ్చినాడు. పరీక్ష, టికెట్టు, అన్నీ కలిపి 90,000 అయింది. ఆరు నెలల్లో తీరిపోయింది. సంబళం కూడా ఎక్కువ. ఒకే ఊరు, ఒకే విమానం, ఒకే ఆదివారం. వచ్చిన దారి వేరైతే లెక్క ఇంత మారిపోతుంది.

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ఏమీ మాట్లాడలేదు. మేము ఊరు చూడడానికి లేచినాము.

లిటిల్ ఇండియా స్టేషనులో మెట్రో ఎక్కినాము. నేల కింద నడిచే రైలు. సింగపూరులో మెట్రో మొదలైంది 1987లో. బోర్డుల మీద ఇంగ్లీషు, చైనా, మలాయి భాషలతో పాటు తమిళం కూడా ఉంది. ఆ దేశానికి ఈ నాలుగూ అధికార భాషలు. బావ బోర్డు గట్టిగా చదివి సంతోషపడినాడు. రైల్లో కూర్చొని సంచిలో నుంచి కోవిల్‌పట్టి కడలై మిఠాయి పొట్లం తీసినాడు. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన ఊరి సరుకు, పిల్లలకని అయిదు పొట్లాలు తెచ్చినాము. వెల్డరు గబుక్కున చెయ్యి పట్టుకొన్నాడు. "మామా, లోపల పెట్టు. రైల్లో తింటే 500 డాలర్ల దాకా ఫైను!" బావ మనసులో గుణించి, "31,000 రూపాయల మిఠాయా!" అని పొట్లాన్ని సంచి అడుగుకు తోసినాడు.

చైనాటౌన్‌లో దిగితే సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద మన మారియమ్మ గుడి. 1827లో మొదలైన గుడి. ఆ ఊళ్ళో అన్నిటికన్నా పాత హిందూ దేవాలయం ఇదే. ఇంగ్లీషువాళ్ళు అక్కడ రేవు పెట్టింది 1819లో. ఎనిమిదేళ్ళ లోపలే మనవాళ్ళు అమ్మకు గుడి కట్టేసినారు. ఇప్పటికీ అక్కడ నిప్పుల గుండం తొక్కుతారు. అదే రోడ్డులో నాలుగు అడుగులు వేస్తే మన తమిళ తీరం నుంచి పోయిన చులియా ముస్లింలు కట్టుకొన్న జామే మసీదు ఉంది. చుట్టూ చైనా వాళ్ళ అంగళ్ళు. మనిషి పొట్టకోసం ఎక్కడికి పోయినా ముందు ఒక దేవుడి ఇల్లు కట్టుకొంటాడు, ఆ తర్వాతే తన ఇల్లు అనిపించింది.

మధ్యాహ్నం మెర్లయన్ దగ్గరికి పోయినాము. మన ఇళ్ళల్లో టీవీ పక్కన ఉండే బొమ్మ ఇదే. 1972లో పెట్టినారు. ఎత్తు 8.6 మీటర్లు, బరువు 70 టన్నులు. తల సింహం, ఒళ్ళు చేప. నోట్లో నుంచి ఎప్పుడూ నీళ్ళు పడుతుంటాయి. సింగపూరు అంటే సింహపురం, అందుకే సింహం. మొదట్లో చేపలు పట్టే ఊరు, అందుకే చేప. "రెండూ కలిపి ఒక జీవి. మన మాదిరే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం" అన్నాను. పొద్దున నుంచి మాట్లాడని బావ అప్పుడు కొంచెం నవ్వినాడు.

శ్రీకాకుళం అబ్బాయి చెప్పినాడు, ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకు 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం అని ఒక సంఘం ఉందట. ఉగాదికి వాళ్ళు పిలిస్తే పోతాడు. అక్కడి స్కూళ్ళల్లో పిల్లలు ఇంగ్లీషుతో పాటు మాతృభాష చదవాలి. తమిళం ఉంది. హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు ఆ వరసలో లేదు. అక్కడ పుట్టిన తెలుగు పిల్లలు బడిలో ఒకటి చదివి ఇంట్లో తెలుగు మాట్లాడాలి. ఆ బాధ మనకు కొత్తా? మనమూ తమిళంలో చదువుకొని, తెలుగును నోటితోనే నిలుపుకొన్నవాళ్ళమే.

సింహం ముందు ఉన్న నీళ్ళ కథ వినాలి. మెరీనా బే ఒకప్పుడు సముద్రం. చుట్టూ సముద్రాన్ని పూడ్చి నేల చేసినారు. 2008లో అడ్డంగా బ్యారేజీ కట్టి, ఉప్పునీళ్ళను బయటికి పంపి, వాన నీళ్ళు నిలిపే చెరువుగా మార్చినారు. ఊరి మధ్యలో మంచినీళ్ళ చెరువు! సొంతంగా పెద్ద నది లేని దేశం. మలేషియా నుంచి గొట్టాల్లో నీళ్ళు కొంటుంది. వాడిన నీళ్ళనే మళ్ళీ శుభ్రం చేసి వాడుకొంటుంది. శీవలపేరి నుంచి తామ్రపర్ణి నీళ్ళు ఎప్పుడు వస్తాయా అని కుళాయి దగ్గర కుండలు వరస పెట్టిన కోవిల్‌పట్టి వాణ్ణి నేను. అక్కడ 57 అంతస్తుల మెరీనా బే సాండ్స్ హోటలు కన్నా నాకు ఆ చెరువే గొప్పగా కనిపించింది.

సాయంకాలం గార్డెన్స్ బై ది బే. అక్కడికి కొత్త మెట్రో లైను ఉంది. ఆ స్టేషను తెరిచింది 2022 నవంబరులో. రైలు దిగి ఎస్కలేటరు మీద పైకి వస్తా ఉంటే మా వీధి పిల్లోడు పక్కకు జరిగి నిలబడినాడు. గోడను చేత్తో తడిమినాడు.

"ఏమిరా?" అన్నాను.

"ఇది గుంతగా ఉన్నప్పుడు ఈడే మామా నా పని. ఒకటిన్నర ఏడాది దిగినాను, ఎక్కినాను. ఈ గోడకు సారం కట్టింది మేమే. కార్డు తట్టి బయటికి వచ్చేది ఇదే మొదటిసారి."

మా వెనక వచ్చేవాళ్ళు దారి కోసం నిలబడినారు. వాడు ఫోను తీసి గోడను మాత్రం ఫోటో పట్టినాడు, తనను పెట్టుకోకుండా. ఆ రోజు చూసినవాటిలో నాకు బాగా గుర్తున్నది ఆ గోడే. సిమెంటు గోడ, ప్రత్యేకం ఏమీ లేదు. మన మిల్లులో నడిపిన ఫ్రేము ముందు నిలబడితే మనకు ఎట్లా ఉంటుందో, వాడికి అట్లా ఉంది.

తోటలో ఇనుముతో చేసిన మహా వృక్షాలు ఉన్నాయి. 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. 2012లో తెరిచినారు. బయటి తోట చూడడానికి టికెట్టు లేదు, అద్దాల మేడల్లోకి పోవాలంటేనే టికెట్టు. చీకటి పడినాక ఏడూ ముక్కాలుకు పాటకు తగినట్టు ఆ చెట్లకు దీపాలు వెలుగుతాయి. అదీ ఉచితమే. జనమంతా నేల మీద వెల్లకిల్లా పడుకొని చూస్తున్నారు. మేమూ పడుకొన్నాము. మిల్లు రిటైరైన ఇద్దరు, పనిచేసే ముగ్గురు, వరసగా.

పడుకొనే బావ అడిగినాడు. "ఒరేయ్, మళ్ళీ మొదటి నుంచి అయితే వస్తావా?"

మా వీధి పిల్లోడు చాలాసేపు మాట్లాడలేదు. "వస్తాను మామా. అక్క పెళ్ళి ఈ డబ్బుతోనే అయింది. కానీ ఆ ఏజెంటు దగ్గర రాను. చేతిలో పని నేర్చుకొని వస్తాను. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం రాను."

అందమైన ఊరే. కానీ పిల్లలు చెప్పిన మిగతా సంగతులు కూడా రాయాలి. పొద్దున అయిదుకు లేచి లారీ వెనక కూర్చొని పనికి పోతారు. డార్మిటరీలో ఒక్కో రూములో పది, పన్నెండు మంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ డార్మిటరీల్లోనే వేల మందికి సోకింది. నెలల తరబడి గేటు దాటనివ్వలేదు. 2013 డిసెంబరు 8 ఆదివారం రాత్రి లిటిల్ ఇండియాలో బస్సు కింద పడి మన తమిళనాడు కార్మికుడు ఒకడు చనిపోయినాడు. ఆ వెంటనే పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత అక్కడ మందు మీద గట్టి కట్టుబాట్లు పెట్టినారు. రాత్రి పదిన్నర తర్వాత రోడ్డు మీద తాగితే కేసే.

పంపాలని అనుకొనే తల్లిదండ్రులు నాలుగు సంగతులు గుర్తు పెట్టుకోండి. ఒకటి: విమానం ఎక్కకముందే పిల్లోడి చేతికి పర్మిట్టు అనుమతి ఉత్తరం రావాలి. ఐపీఏ అంటారు. బేసిక్ సంబళం ఎంత, దేనికి ఎంత పట్టుకొంటారు అన్నీ అందులో ఉంటాయి. పిల్లోడికి తెలిసిన భాషలో కూడా ఇవ్వాలి. అది చూడకుండా డబ్బు కట్టకండి. రెండు: అక్కడి ఏజెంటు పర్మిట్టు ఏడాదికి ఒక నెల సంబళం కన్నా ఎక్కువ తీసుకోకూడదు, ఎంతయినా రెండు నెలలది మించకూడదు. ఇది సింగపూరు చట్టం. మన ఊరి ఏజెంటు అడిగేదాన్ని ఆ లెక్కతో పోల్చి చూడండి. మూడు: విదేశీ పనివాణ్ణి పెట్టుకొన్నందుకు కంపెనీ సర్కారుకు ప్రతి నెలా లెవీ కట్టాలి. దాన్ని పనివాడి సంబళంలో కోయకూడదు. నాలుగు: వైద్య బీమా కంపెనీయే తీయాలి. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం చట్టం కూడా ఉంది. మన ఈఎస్ఐ కార్డు మాదిరి, ఇదీ పిల్లోడు అడిగి తెలుసుకోవలసిన హక్కు.

రాత్రి పది గంటలకు పిల్లలు మమ్మల్ని లాడ్జిలో దించి డార్మిటరీకి బయలుదేరినారు. మరుసటి రోజు అయిదుకు లేవాలి. కడలై మిఠాయి అయిదు పొట్లాలూ వాళ్ళ చేతుల్లో పెట్టినాము. శ్రీకాకుళం అబ్బాయి, "బాబాయ్, ఇవి మా ఊరి పల్లీ పట్టీలే" అన్నాడు.

బావ ఇల్లు తాకట్టు పెట్టలేదు. ఊరికి వచ్చినాక కొడుకును కూర్చోబెట్టి టూరు కాగితం వెనక ఉన్న లెక్క చూపించినాడు. రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. మూడో రోజు కొడుకే వచ్చి, "సరే నాయనా, ముందు పని నేర్చుకొంటాను" అన్నాడు. ఇప్పుడు మిల్లు షిఫ్టు అయినాక వెల్డింగు క్లాసుకు పోతా ఉన్నాడు. టెస్టు రాసిన తర్వాత ఏమవుతుందో చూడాలి.

మన కాలనీల్లో ఎవరి ఇంట్లోనైనా అట్లాంటి ఉత్తరం వచ్చి ఉంటే, లేక ఏజెంటు డబ్బు అడిగి ఉంటే, కాగితం తీసుకొని రండి. కోవిల్‌పట్టిలో అయితే నా దగ్గరికి, విరుదునగర్‌లో అయితే బావ దగ్గరికి. సాయంకాలాలు ఇద్దరమూ ఇంట్లోనే ఉంటాము. కూర్చొని లెక్క వేసి ఇస్తాము.